ఫోన్ నంబరు ఎవరిది? హైదరాబాద్ హోటళ్ల తగాదాకు 1976లో పడిన పునాది

వినియోగదారుడు ఒప్పుకుంటే అతని ఫోన్ నంబరును హోటల్‌కు అందించే ఏర్పాటును పరీక్షిస్తున్నట్టు 2025 నవంబరులో జొమాటో వెల్లడించడంతో, ఏళ్లుగా నివురుగప్పిన నిప్పులా ఉన్న ఒక తగాదా మళ్లీ రాజుకుంది. తాము వండిన బిర్యానీ ఎవరింటికి వెళ్లిందో తమకు తెలిస్తే తప్పేమిటని హోటళ్ల యజమానులు అడుగుతుంటే, నంబరు చేతికి చిక్కితే ఆఫర్ల సందేశాలతో ప్రాణం తోడేస్తారని తినేవాళ్లు భయపడుతున్నారు. హైదరాబాద్‌లో ఈ చర్చ ఎక్కడ మొదలైనా కమీషన్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆర్డరు మీద ఎంత శాతం కోస్తున్నారు, డిస్కౌంటు భారం ఎవరి నెత్తిన పడుతోంది, డబ్బు ఖాతాలో ఎన్నాళ్లకు జమవుతోంది అన్నవే ఇద్దరు యజమానులు కలిస్తే నలిగే మాటలు. అవి నిజమైన బాధలే. అయితే అంత కమీషన్ అడగగలిగే సత్తా యాప్‌లకు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావాలంటే, బిల్లును కాసేపు పక్కనబెట్టి ఆర్డర్ల పుస్తకం ఎవరి చేతుల్లోకి వెళ్లిందో చూడాలి.

ఆర్డర్ల పుస్తకం అన్న మాటను నేను ఉపమానంగా వాడటం లేదు. హిమాయత్‌నగర్‌లో ముప్పై ఏళ్లుగా నడుస్తున్న ఒక హోటల్ కౌంటర్ సొరుగులో, అట్ట ఊడిపోయిన రూళ్ల పుస్తకం ఇప్పటికీ ఉంది. పేజీకి ఎడమవైపు అపార్ట్‌మెంటు పేరు, ఫ్లాటు సంఖ్య, ఫోన్ నంబరు. కుడివైపు ‘కారం తక్కువ’, ‘సాలన్ ఎక్కువ’, ‘ప్రతి ఆదివారం రెండు ఫ్యామిలీ ప్యాక్’ వంటి రాతలు. సగం దాటాక పేజీలన్నీ తెల్లగానే మిగిలిపోయాయి. ఇప్పుడు అదే కౌంటర్ మీద ఒక ట్యాబ్, దాని పక్కన చిన్న ప్రింటర్ ఉన్నాయి. గంట మోగగానే బయటికి వచ్చే చీటీ మీద ఒక పేరు, ఆర్డరు సంఖ్య, వంటకాల జాబితా, సిద్ధం చేయవలసిన నిమిషాలు మాత్రమే ఉంటాయి. నిరుడు రంజాన్ నెలంతా తన దగ్గర హలీమ్ తెప్పించుకున్నవాళ్లకు ఈ ఏడాది బట్టీ వెలిగించామని కబురు పెట్టాలన్నా ఆ యజమానికి దారి లేదు. ఏడాదికి ఒక్క నెల మాత్రమే జోరుగా సాగే వ్యాపారంలో ఈ లోటు ఎంతటిదో హలీమ్ బట్టీ నడిపినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

గిరాకీ లెక్క ఇలా వేరొకరి కంప్యూటర్‌లోకి వెళ్లడం విమానాల వ్యాపారంలో ముందే జరిగింది. వ్యాపారాల్లోకి కంప్యూటర్ ఎలా వచ్చిందో, జీతాల పట్టికల నుంచి సరుకుల లెక్కల దాకా ఎలా పాకిందో చాలామందికి తెలిసిన విషయమే కాబట్టి, ఆ తొలి భాగాన్ని దాటేసి నేరుగా 1976కు వెళ్లడం మేలు. అప్పటికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ, ఐబీఎంతో కలిసి నిర్మించుకున్న ‘సేబర్’ రిజర్వేషన్ వ్యవస్థను చాలా ఏళ్లుగా తన కార్యాలయాల్లో వాడుకుంటోంది. సీట్ల లెక్క తప్పకుండా చూడటం, గుమస్తాల పని తగ్గించడం వరకే దాని ప్రయోజనం. విమానయాన సంస్థలూ ట్రావెల్ ఏజెంట్లూ కలిసి ఒక ఉమ్మడి వ్యవస్థను నిర్మించుకోవాలని 1975లో చేసిన ఆలోచన ముందుకు సాగలేదు. పోటీ సంస్థ యునైటెడ్ తన ‘అపోలో’ వ్యవస్థను ఏజెంట్లకు ఇస్తానని ప్రకటించగానే, అమెరికన్ ఎయిర్‌లైన్స్ తరఫున మార్కెటింగ్ అధిపతి రాబర్ట్ క్రాండల్ బృందం ఆగమేఘాల మీద కదిలి, 1976 ముగిసేలోపు 130 చోట్ల సేబర్ కంప్యూటర్ తెరలను ఏజెంట్ల బల్లల మీద పెట్టేసింది. నా దృష్టిలో కథ మలుపు తిరిగింది ఇక్కడే. సొంత పనిని చక్కబెట్టుకోవడానికి కట్టుకున్న వ్యవస్థ, ఆ రోజు నుంచి, ఇతరుల సరుకు కూడా అమ్ముడుపోయే అంగడిగా మారింది.

ఆ తెర మీద అమెరికన్ విమానాలతో పాటు పోటీదారుల విమానాలూ కనిపించేవి. లేకపోతే ఏజెంట్లు దాన్ని ముట్టుకునేవారే కారు. ఏజెంటుకు పని తేలికైంది, ప్రయాణికుడికి టికెట్ త్వరగా చేతికొచ్చింది, పోటీ సంస్థలకు కూడా బుకింగులు పెరిగాయి. తొలి రోజుల్లో ఎవరికీ ఫిర్యాదు లేదు. అయితే ఫోను అవతల గిరాకీని నిలబెట్టి బుకింగ్ చేసే ఏజెంటుకు తెర మీద తెర తిప్పుకుంటూ పోయే తీరిక ఉండదు. డెబ్బై నుంచి తొంభై శాతం దాకా టికెట్లు మొదటి తెర మీద కనిపించిన విమానాల నుంచే, వాటిలో దాదాపు సగం మొదటి వరుసలో ఉన్నదాని నుంచే అమ్ముడవుతున్నాయని తేలింది. వరుస నిర్ణయించే అధికారం ఎవరిదో, అమ్మకం కూడా వారిదే అయ్యింది. న్యూయార్క్ ఎయిర్ అనే చిన్న సంస్థ 1981లో డెట్రాయిట్‌కు సర్వీసులు పెంచినప్పుడు, సేబర్ తెర మీద అవి అడుగుకు జారిపోయాయని, బుకింగులు పడిపోయి సర్వీసులనే మానుకోవలసి వచ్చిందని ఫిర్యాదు చేసింది. ఆ విమానాలు బాగాలేక ఎవరూ వాటిని వదులుకోలేదు. అవి కనిపించక వదులుకున్నారు.

ఈ వ్యవహారం అమెరికా చట్టసభ ముందుకు వెళ్లినప్పుడు క్రాండల్ ఏమీ దాచలేదు. తమ విమానాలను ముందు వరుసలో చూపించుకోవడం కోసమే ఇంత డబ్బు పోసి ఈ వ్యవస్థను కట్టామన్నది ఆయన వాదన. సొంత ఖర్చుతో కట్టుకున్న కొట్లో సొంత సరుకును ముందు పెట్టుకుంటే తప్పేమిటన్న ఈ తర్కాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. నేడు యాప్‌ల తరఫున వినిపించే వాదనకు మూలం ఇదే. కానీ కొట్టు ఒకరిదై, అందులో అమ్మక తప్పని పరిస్థితిలో మిగతా అందరూ ఉంటే సంగతి వేరని అమెరికాలో విమానయానాన్ని నియంత్రించే సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు తేల్చింది. తన ఉనికి ముగియబోతున్న 1984లో ఆ బోర్డు తెచ్చిన నిబంధనల్లో మూడు ముఖ్యమైనవి. సంస్థ పేరును బట్టి తెర మీద వరుస మార్చకూడదు. రుసుము అందరికీ ఒకే తీరుగా ఉండాలి. బుకింగుల నుంచి పుట్టే మార్కెట్ సమాచారాన్ని వ్యవస్థ యజమాని తయారు చేస్తే, పాల్గొనే సంస్థలన్నింటికీ అవే షరతుల మీద ఇవ్వాలి. మన దగ్గర ఇప్పుడు నలుగుతున్నది ఈ మూడో నిబంధనే. మొదటి రెండింటి సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

సమాచారం విలువ తెర మీది వరుస కంటే ఎక్కువ కాలం నిలిచింది. ఎవరు ఎటు ఎంత తరచుగా ప్రయాణిస్తున్నారో తెలిసిన అమెరికన్ ఎయిర్‌లైన్స్, 1981లో తరచు ప్రయాణించేవారికి పాయింట్లు ఇచ్చే ‘అడ్వాంటేజ్’ పథకాన్ని మొదలుపెట్టింది. ఏ విమానంలో ఏ రోజుకు ఎన్ని సీట్లు మిగులుతాయో ముందే అంచనా వేయగలిగింది కాబట్టి, 1985లో ఆ మిగిలే సీట్లను మాత్రమే చవకగా అమ్మి, చవక ధరలకే పేరుపడిన పీపుల్ ఎక్స్‌ప్రెస్ సంస్థను ఇరుకున పెట్టింది. అంచనాలు వేయగల అలాంటి వ్యవస్థ లేని పీపుల్ ఎక్స్‌ప్రెస్ రెండేళ్లలో మరో సంస్థలో కలిసిపోయి కనుమరుగైంది. విమానాలు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. ప్రయాణికుడి అలవాట్ల లెక్క ఒక్కరి దగ్గరే ఉంది.

ఈ లెక్కతో చూస్తే మన దగ్గర 2019 నుంచి జరిగిన పరిణామాలు తేటపడతాయి. ఆ ఏడాది ఆగస్టులో, డిస్కౌంటు పథకాలకు నిరసనగా దేశంలో అనేక రెస్టారెంట్లు యాప్‌ల నుంచి తప్పుకుంటూ ‘లాగౌట్’ ఉద్యమం చేశాయి. పోరాటం డిస్కౌంట్ల మీదనే అయినా, తమ గిరాకీని నేరుగా పలకరించే దారి ఆ రెస్టారెంట్లకు లేకపోవడం అప్పుడే బయటపడింది. యాప్ నుంచి తప్పుకున్న హోటల్, తప్పుకున్నానని తన గిరాకీకి చెప్పుకోలేకపోయింది. కరోనా కాలంలో టేబుళ్లు ఖాళీ అయి, పార్శిలే బతుకుతెరువైనప్పుడు ఈ లోటు ఇంకా లోతుగా తగిలింది. 2021లో జాతీయ రెస్టారెంట్ల సంఘం, వ్యాపార పోటీలో అన్యాయాలను విచారించే కాంపిటీషన్ కమిషన్‌ను ఆశ్రయించింది. జొమాటో, స్విగ్గీల మీద దర్యాప్తు జరపాలని 2022 ఏప్రిల్‌లో కమిషన్ ఆదేశించింది. యాప్‌లో చూపిన ధర కంటే తక్కువకు మరెక్కడా అమ్మకూడదన్న షరతులు, యాప్ యజమానికి వాటా ఉన్న వంటశాలలకు ముందు వరుస దక్కే అవకాశం ఆ ఆదేశంలో ప్రస్తావనకు వచ్చాయి. సేబర్ కథ చదివినవారికి ఈ రెండో అంశం కొత్తగా అనిపించదు.

సంస్థల పక్షాన చెప్పవలసినదీ ఉంది. ఫోన్ నంబరు వినియోగదారుడి సొత్తని, దాన్ని దాచడం అతని రక్షణ కోసమేనని, వేల హోటళ్ల చేతుల్లో నంబర్లు పెడితే దుర్వినియోగాన్ని ఆపలేమని అవి అంటాయి. డెలివరీ మనుషులను, పటాలను, చెల్లింపులను సమకూర్చింది తామేనని కూడా గుర్తుచేస్తాయి. ఈ మాట కాదనలేనిది, ఎందుకంటే కూకట్‌పల్లిలో ఉన్న ఇంటికి మాసబ్‌ట్యాంక్ బిర్యానీ చల్లారకుండా చేరవేయడం ఏ హోటల్‌కూ ఒంటరిగా సాధ్యమయ్యే పని కాదు. 2024 చివర, 2025 మొదట్లో పది, పదిహేను నిమిషాల్లో తినుబండారాలు అందించే ‘బిస్ట్రో’, ‘స్నాక్’ వంటి యాప్ సంస్థల సొంత సేవలు వచ్చినప్పుడు రెస్టారెంట్ల సంఘం మళ్లీ అభ్యంతరం చెబితే, తన ప్రధాన యాప్‌లో సొంత బ్రాండ్లు అమ్మబోమని జొమాటో సమాధానమిచ్చింది. అయినా, ఏ పేటలో సాయంత్రం ఆరింటికి సమోసా అడుగుతారో, ఏ పేటలో రాత్రి పన్నెండింటికి బిర్యానీ అడుగుతారో తెలిసినవారికీ, తన సొంత చీటీల కట్ట తప్ప మరేమీ లేని హోటల్‌కూ మధ్య జరిగే పోటీని సమఉజ్జీల పోటీ అనడానికి నాకు మనసొప్పదు.

ఆర్డర్ల పుస్తకాన్ని చేజార్చుకోని సంస్థ పరిస్థితి ఎలా ఉంటుందో చెప్పడానికి డొమినోస్ ఉదాహరణ చాలు. సొంత యాప్, సొంత డెలివరీ సిబ్బంది ఉన్న ఆ పిజ్జా దుకాణాలను మన దేశంలో నడిపే జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్, కమీషన్ ఇంకా పెరిగితే కొంత వ్యాపారాన్ని యాప్‌ల నుంచి తన వేదికకే మళ్లించే ఆలోచన ఉందని కాంపిటీషన్ కమిషన్‌కు తెలిపినట్టు 2022లో వార్తలు వచ్చాయి. అలా అనగలగడమే బేరంలో దాని బలం. హిమాయత్‌నగర్ యజమాని ఆ మాట అనలేడు. అన్నా, మళ్లించడానికి అతని దగ్గర నంబర్లు లేవు. సమాచారం పంచుకుంటే పెద్ద సంస్థ దెబ్బతింటుందన్న భయానికి కూడా చరిత్రలో గట్టి ఆధారం కనిపించదు. వాల్‌మార్ట్ 1991లో ‘రిటైల్ లింక్’ ద్వారా, ఏ దుకాణంలో ఏ సరుకు ఎంత అమ్ముడైందో సరఫరాదారులకే చూపించడం మొదలుపెట్టింది. సరఫరాదారులు సరుకును వేళకు పంపగలిగారు, అరలు ఖాళీగా ఉండటం తగ్గింది, వాల్‌మార్ట్ పైచేయి ఏమాత్రం తగ్గలేదు.

ఇక నేటి ఏర్పాటు విషయానికొస్తే, హోటళ్లు సంబరపడే ముందు చూసుకోవలసినవి రెండున్నాయి. వ్యక్తిగత డిజిటల్ డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, వాటిలో ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తరువాత అమల్లోకి వస్తాయి. నంబరు తీసుకున్న మరుక్షణం దాన్ని ఎందుకు వాడుతున్నారో చెప్పవలసిన బాధ్యత, వినియోగదారుడు వద్దంటే ఆపవలసిన బాధ్యత, భద్రంగా దాచవలసిన బాధ్యత హోటల్ మీద కూడా పడతాయి. భద్రతలో విఫలమైతే ఆ చట్టం కింద జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. అట్ట ఊడిన రూళ్ల పుస్తకంలో నంబరు రాసుకున్నంత తేలిక కాదన్నమాట. వాట్సాప్‌లో నంబర్లన్నింటినీ ఒకే గ్రూపులో కలిపేసే అలవాటున్నవారు ఇప్పుడే దాన్ని మానుకోవడం మంచిది.

రెండోది, 1984 నాటి నిబంధనల్లో మొదటి రెండింటిని ఈ ఏర్పాటు అసలు తాకనే లేదు. నంబరు అందుతుంది, తెర మీద వరుస ఎలా కడుతున్నారో మాత్రం తెలియదు. హిమాయత్‌నగర్ హోటల్ యజమాని నా ఎదుటే తన ఫోన్‌లో ఒక యాప్ తెరిచి ‘బిర్యానీ’ అని వెతికాడు. మొదట కనిపించినవి ప్రకటన డబ్బు కట్టిన హోటళ్లు, వాటి కింద గచ్చిబౌలిలో డెలివరీ కోసమే వండే ఒక క్లౌడ్ కిచెన్, దాని కింద మరో పది పేర్లు. తన కౌంటర్ దగ్గరే నిలబడి వెతికినా, వేలితో నాలుగుసార్లు పైకి జరిపితే తప్ప అతని హోటల్ పేరు రాలేదు. రేటింగ్ తగ్గిందా, ధర ఎక్కువైందా, ప్రకటన ఇవ్వకపోవడమే కారణమా అని ఆ సంస్థ ప్రతినిధిని అడిగితే, వచ్చే నెల ప్రకటన బడ్జెట్ ఎంత పెట్టమంటారన్న ప్రశ్నే జవాబుగా వచ్చిందట. ఈలోగా ట్యాబ్ గంట మోగింది, ప్రింటర్ నుంచి చీటీ వచ్చింది: ఒక చికెన్ దమ్ బిర్యానీ, సాలన్ అదనం, పద్దెనిమిది నిమిషాలు.