వాయుపాత్రలో చిటికెడు ఆక్సిజన్

ఇంగ్లండులోని యార్క్‌షైర్ తీరాన ఉన్న బౌల్బీ గనిలో, నేలకు సుమారు 1,100 మీటర్ల లోతున, డ్రిఫ్ట్ అనే పరికరం ఏళ్ల తరబడి కృష్ణ పదార్థం (కాంతిని వెలువరించక, గురుత్వాకర్షణ ద్వారానే ఉనికి తెలిసే అదృశ్య పదార్థం) జాడ కోసం కాచుకొని ఉండేది. ఘన మీటరు పరిమాణం గల ఆ పాత్రలో నింపింది సాధారణ వాతావరణ పీడనంలో ఇరవయ్యో వంతు పీడనం గల వాయువు మాత్రమే. కృష్ణ పదార్థ కణం తగిలి చలించిన పరమాణు కేంద్రకం ద్రవంలోనైతే కదిలీ కదలకముందే ఆగిపోతుంది; పలచని వాయువులో మాత్రం కొన్ని మిల్లీమీటర్ల గీత విడుస్తుంది. ఆ గీత దిశ దొరికితే, సూర్యుడు పయనిస్తున్న హంస నక్షత్రమండలం వైపు నుంచే ఈ కణాలు వస్తున్నాయా అన్నది తేల్చవచ్చు.

అయితే గీత వెంట వెలువడిన ఎలక్ట్రాన్లు అర మీటరు దూరంలో, సంకేతాన్ని నమోదు చేసే తీగలను చేరేలోగా చెల్లాచెదురై గీత ఆకారాన్ని చెరిపేస్తాయి. అందుకే కార్బన్ డైసల్ఫైడ్‌ను ఎంచుకున్నారు. దాని అణువు ఎలక్ట్రాన్‌ను పట్టుకొని రుణ అయాన్‌గా మారి, సెకనుకు 60 మీటర్ల మేర నింపాదిగా, పెద్దగా చెదరకుండా సాగుతుంది. స్పిన్ (కేంద్రకపు ఒక క్వాంటమ్ ధర్మం) మీద ఆధారపడి తగిలే కణాలనూ వెతకడానికి, స్పిన్ గల ఫ్లోరిన్ కేంద్రకం కూడా కావాలి కనుక కార్బన్ టెట్రాఫ్లోరైడ్‌ను కలిపారు.

చిక్కు మరోచోట వచ్చింది. రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు క్షయమై పుట్టే సంతతి కేంద్రకాలు పాత్ర నడుమనున్న కాథోడ్‌కు (రుణ విద్యుత్ ఫలకానికి) అంటుకొని, అక్కడ క్షయమవుతూ అచ్చం కృష్ణ పదార్థం లాంటి సంకేతాలే పంపేవి. ఘటన కాథోడ్ దగ్గర జరిగిందా, నడుమ ఖాళీలో జరిగిందా అని చెప్పాలంటే, అయాన్లు తీగలను చేరడానికి పట్టిన కాలం తెలియాలి; కానీ ఘటన జరిగిన క్షణమే తెలియదు.

ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను మింగేస్తుంది కనుక, వాయు శోధకాలు నడిపేవారు మామూలుగా దాన్ని లేశమైనా రానివ్వరు. ఇక్కడ ఎలక్ట్రాన్లు ఎలాగూ అణువులకు చిక్కినవే. 2014లో భౌతిక శాస్త్రవేత్త డేనియల్ స్నోడెన్-ఇఫ్ట్ ప్రచురించిన ప్రయోగాలలో, కాస్త ఆక్సిజన్ కలపగానే భిన్న వేగాలతో సాగే మరికొన్ని అయాన్ల గుంపులు కనిపించాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ఎడం లెక్కించి పిడుగు దూరం అంచనా కట్టినట్టే, ఈ గుంపులు తీగలను చేరే వేళల మధ్య ఎడాన్ని బట్టి ఘటన ఎంత దూరంలో జరిగిందో చెప్పవచ్చు. మూడు వాయువులనూ వరుసగా 30, 10, 1 టార్ (సాధారణ వాతావరణ పీడనం 760 టార్) పీడనాలలో కలిపి 46.3 రోజులు నడిపితే, వెతికిన ప్రాంతంలో ఒక్క నకిలీ సంకేతమూ మిగల్లేదు.

కాకపోతే విషపూరితమై, సులువుగా అంటుకొనే వాయువుకు ఆక్సిజన్ జోడించడం గనిలో ఎవరికీ నచ్చే పని కాదు. ఆ తరువాత పరిశోధకుల చూపు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ మీద పడింది. సబ్‌స్టేషన్ల స్విచ్చులలో నిప్పురవ్వలను అణచడానికి వాడే ఈ వాయువులో సంకేతాన్ని పెంచడం సాధ్యమా అన్న అనుమానం సహజమే. ప్రయోగశాలలో అది సాధ్యమేనని తేలింది, పైగా రెండు వేగాల అయాన్లు దానికదే ఇస్తుంది. అయితే నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 20,000 రెట్లకు పైగా భూమిని వేడెక్కించే దీన్ని వాడి గాలిలోకి వదలడం కుదరదు కనుక, అణు జల్లెడలతో (కొన్ని అణువులను పట్టి ఉంచే సూక్ష్మ రంధ్రాల పదార్థాలతో) రాడాన్‌ను వడకట్టి అదే వాయువును తిరిగి వాడుకొనే పద్ధతులను కూడా పరీక్షిస్తున్నారు.