నార్మండీ దాడికి ముహూర్తం పెట్టిన ఆటుపోట్లు

1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యం ఇంగ్లిష్ ఛానల్ దాటి ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో దిగింది. ఆ ఒక్కరోజే దాదాపు 1,56,000 మంది. ఈ దాడి అనగానే సేనాధిపతుల పేర్లే వినిపిస్తాయి. ఆ రోజునీ, ఆ గంటనీ తేల్చింది మాత్రం ఆటుపోట్లు. వాటి లెక్క కట్టినవాళ్లకు రావలసినంత పేరు రాలేదని నా బాధ.

నార్మండీలో పోటుకీ ఆటుకీ తేడా పౌర్ణమి, అమావాస్యల వేళ ఆరు మీటర్ల దాకా ఉంటుంది. నీరు తీసినప్పుడు వందల మీటర్ల ఇసుక బయటపడుతుంది. శత్రువు నిండు పోటులోనే వస్తాడనుకున్న జర్మన్ సేనాని రోమెల్, పోటుకి మునిగిపోయేలా తీరమంతా ఇనుప దూలాలు, మందుపాతర కట్టిన దుంగలు పాతించాడు. పోటులో వస్తే పడవలు వాటికి తగిలి పగిలిపోతాయి. పూర్తి ఆటులో వస్తే సైనికులు మరతుపాకుల ఎదుట ఆ ఇసుకంతా పరుగెత్తాలి. అందుకే నీరు బాగా తగ్గి, మళ్లీ ఎక్కడం మొదలైన వేళ కావాలి. అది తెల్లవారిన కాసేపటికే రావాలి. ముందు రాత్రి పారాట్రూపర్లకు వెన్నెలా ఉండాలి. జూన్ మొదట్లో ఇవన్నీ కుదిరినవి 5, 6, 7 తేదీలు మాత్రమే.

ఈ పోటు లెక్క వేసినవాడు లివర్‌పూల్ దగ్గర బిడ్‌స్టన్‌లో పనిచేసిన ఆర్థర్ డూడ్‌సన్. ఏ తీరమో ఆయనకు చెప్పలేదు. 'పొజిషన్ జడ్' అని రాసి అంకెలు పంపారు, అంతే. సూర్యచంద్రుల ఆకర్షణతో పుట్టే పోటు ఒకే అల కాదు, వేర్వేరు వ్యవధుల్లో లేచిపడే ఎన్నో అలల మొత్తం. ఆ మొత్తాన్ని లెక్కగట్టే ఆయన యంత్రంలో ఒక్కో అలకీ ఒక్కో కప్పీ ఉండేది. పళ్లచక్రాలు తిరిగేకొద్దీ కప్పీలు దేని వేగంతో అది పైకీ కిందికీ కదిలేవి. అన్నిటి మీదుగా సాగిన ఒకే తీగ ఆ కదలికలను కూడి, చివరనున్న కలంతో కాగితం మీద గీత గీయించేది. నెలల తర్వాతి సముద్రం ఆ గీతలో కనిపించేది! ఒకే బాంబుకి రెండూ పోకుండా అక్కడి రెండు యంత్రాలనూ వేర్వేరు భవనాల్లో ఉంచారు.

నీటి లెక్క తేలినా నేల సంగతి మిగిలింది. ఇసుక కింద మెత్తటి మట్టి ఉంటే ట్యాంకులు దిగబడిపోతాయి. 1943 డిసెంబరు 31 రాత్రి ఇద్దరు బ్రిటిష్ సైనికులు చలి నీళ్లలో ఈదుకుంటూ ఒడ్డు చేరి, జర్మన్ కాపలాదారుల దగ్గర్లోనే బోర్లా పడుకుని, బరమాతో ఇసుకలోకి తొలిచి మట్టి నమూనాలు గొట్టాల్లో నింపుకుపోయారు. అంత సాహసమూ పిడికెడు మట్టి కోసం.

జూన్ 5న గాలివాన ముంచుకొస్తోందని వాతావరణ నిపుణుడు జేమ్స్ స్టాగ్ చెప్పడంతో మిత్రరాజ్యాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ ఆ రోజుకే అనుకున్న దాడిని ఒకరోజు వాయిదా వేశాడు. పోటు పడమటి నుంచి తూర్పుకి సాగుతుంది కాబట్టి దిగే వేళలూ ఒకటి కావు: యూటా, ఒమాహా అని రహస్య పేర్లు పెట్టుకున్న తీరాల్లో 6.30కి, ఇంకా తూర్పున ఉన్న గోల్డ్, స్వోర్డ్ తీరాల్లో 7.25కి.

ఎక్కే నీటిలో దిగడంలో ఒక ప్రమాదం ఉంది. ఒమాహాలో నీరు గంటకు మీటరుకు పైగా లేచింది. నీరు కప్పేలోగా అడ్డంకులు పేల్చి 16 దారులు తెరవాలన్నది ఇంజనీరు దళాల పని. కాల్పుల మధ్య సగం కూడా కాలేదు. వెనక వచ్చిన పడవలు మునిగిన దుంగలకు కొట్టుకున్నాయి. మధ్యాహ్నం నీరు తీశాక ఆ దళాలు మళ్లీ దిగి, సాయంత్రానికి 13 దారులు తెరిచాయి.