ఆవగింజకి ముందు తగిలేది నీళ్లా, నిప్పా?

మా ఇంట్లో పోపుల డబ్బాలో అన్నిటికన్నా ముందు ఖాళీ అయ్యేది ఆవాల గిన్నే. పప్పులోకి, చారులోకి, పులిహోరలోకి, కొబ్బరి పచ్చడిలోకి అంటూ రోజుకి మూడు నాలుగు సార్లు చెయ్యి అటే వెళ్తుంది. ఇన్ని ఆవాలు తింటున్నా తాలింపు ఘాటుగా ఉందని ఎవరూ అనరు. అవే ఆవాలు పొడి కొట్టి ఆవకాయలో కలిపితే మాత్రం మొదటి ముద్దకే ముక్కు అదిరి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. గింజ మారలేదు. మరి ఒకచోట కమ్మదనం, ఇంకోచోట అంత ఘాటు ఎలా వచ్చాయి?

అసలు ఆవగింజలో ఘాటు ఉండదు. ఘాటుని తయారు చేసుకునే సరంజామా మాత్రమే ఉంటుంది. గింజ లోపల సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి తడి తగిలినప్పుడు ఈ రెండూ కలుస్తాయి. ఎంజైము సినిగ్రిన్‌ని విరగ్గొడుతుంది. అప్పుడు పుట్టేదే అల్లైల్ ఐసోథయోసయనేట్. పేరు నోరు తిరగనిదే కానీ మనం ‘ఆవ ఘాటు’ అనేది దీన్నే. మొక్క దీన్ని మన కోసం తయారు చేయలేదు. పురుగు కొరికిన చోట రెండు పదార్థాలూ కలిసి దాని నోరు మండాలి, అదీ ఏర్పాటు. ముల్లంగి, క్యాబేజీ కూడా ఆవ కుటుంబానివే. పచ్చి ముల్లంగి కొరికితే నాలుక చురుక్కుమనేది ఇలాంటి పనివల్లే.

ఇక తాలింపు సంగతి. ఆవగింజ పైతోలు గట్టిది, లోపల కాస్త తేమ ఉంటుంది. కాగిన నూనె 100 డిగ్రీలు దాటి చాలా దూరం పోతుంది కాబట్టి ఆ తేమ ఆవిరి అవుతుంది. నీరు ఆవిరిగా మారితే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. ఆవగింజంత గింజలో అంత చోటెక్కడిది? తోలు పగిలి, చిటపటమంటూ గరిటెలోంచి పొయ్యి గట్టు దాకా ఎగురుతుంది. కానీ గింజ పగిలేసరికే ఆ వేడికి లోపలి ఎంజైము పాడైపోయి ఉంటుంది. సినిగ్రిన్‌ని విరగ్గొట్టేవాళ్లు లేరు. అందుకే ఘాటు పుట్టదు, వేగిన గింజ కమ్మదనం ఒక్కటే మిగులుతుంది. మినప్పప్పు, శనగపప్పు ఎర్రబడినప్పుడు వచ్చే ఆ వాసన వేరే కథ. అక్కడ మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి కొత్త రుచులు పుట్టిస్తాయి. ఈ మార్పుని 1912లో వివరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ పేరుతోనే దాన్ని పిలుస్తారు.

ఇంట్లోనే చూడొచ్చు. రెండు చిన్న గిన్నెల్లో చెంచాడేసి ఆవపిండి వేయండి. ఒకదాంట్లో చల్లటి నీళ్లు, ఇంకోదాంట్లో సలసల మరిగే నీళ్లు పోసి ముద్దలా కలిపి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత చల్లటి గిన్నె మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోబోతే తల వెనక్కి వెళ్లిపోతుంది. వేడి గిన్నెలో పెద్దగా ఘాటు ఉండదు. నాలుక మీద పెట్టుకుంటే చేదు తెలుస్తుంది. సినిగ్రిన్ సహజంగా చేదే, విరగకుండా ఉండిపోయింది మరి.

పనసపొట్టు కూర, అరటికాయ కూర ఆవ పెట్టి చేసేవాళ్లకి ఇదంతా ఎప్పుడో తెలుసు. కూర దించి, కాస్త వేడి తగ్గాకే నూరిన ఆవ కలుపుతారు. పొయ్యి మీద ఉండగానే వేస్తే నూరినప్పుడు పుట్టిన ఘాటు కూర ఆవిరితో పాటే ఎగిరిపోతుంది. శాస్త్రం ఒక్క అక్షరం రాయకముందే మన వంటిళ్లలో ఇంత కచ్చితమైన పద్ధతి నిలబడిందంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

ఎగిరిపోయే ఈ గుణమే ఆవ ఘాటుని మిరప కారం నుంచి వేరు చేస్తుంది. మిరపలోని క్యాప్సైసిన్ తేలిగ్గా ఆవిరి కాదు, నాలుకని పట్టుకుని చాలాసేపు మండిస్తుంది. ఆవ ఘాటు నోట్లోంచి ముక్కు వెనక్కి ఎక్కి, ఒక్కసారి గుప్పుమని, అంతలోనే దిగిపోతుంది. రెండింటినీ పసిగట్టే నాడీ గ్రాహకాలు కూడా వేర్వేరు. మిరప కారానికి స్పందించే గ్రాహకాన్ని 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. ఆవ ఘాటు పనిచేసే గ్రాహకం ఇంకొకటని 2004లో అదే బృందం చూపించింది. వేడినీ స్పర్శనీ గుర్తించే గ్రాహకాలు కనుగొన్నందుకు 2021 నోబెల్ బహుమతిని జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ పంచుకున్నారు. ఆవకాయ అన్నంలో మనకి ఆ రెండు రకాల మంటలూ ఒకే ముద్దలో దొరుకుతాయి!

మామిడికాయల కాలం కాకపోయినా ఇదంతా నోటితో తెలుసుకోవాలంటే దోసావకాయని మించింది లేదు. పసుప్పచ్చ దోసకాయ ఒకటి కడిగి, తడి లేకుండా తుడిచి కోయండి. ముక్కా, గింజలూ రెండూ రుచి చూడండి. చేదుంటే ఆ కాయ పనికిరాదు. చెక్కు తీయకుండా చిన్న ముక్కలు చేస్తే రెండు కప్పులు కావాలి. వాటికి పావు కప్పు ఆవపిండి, పావు కప్పు కారం, రెండు పెద్ద చెంచాల ఉప్పు, అర కప్పు నువ్వుల నూనె చాలు. ఆవాలు బాగా ఎండబెట్టి, మిక్సీ వేడెక్కకుండా ఆపి ఆపి పొడి చేసుకోవాలి. అన్నీ కలిపి జాడీలో పెట్టేయడమే, పొయ్యి వెలిగించే పని లేదు.

కలిపిన వెంటనే రుచి చూస్తే ఉప్పు వేరుగా, కారం వేరుగా తగులుతాయి, ఆవ జాడే పెద్దగా ఉండదు. చిన్నప్పుడు నేను గిన్నెలో వేలు పెట్టబోతే అమ్మ “ఇవాళ కాదురా, ఆవ ఊరాలి, రేపు తిందువుగాని” అనేది. ఆ ఊరడం ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. ఉప్పు దోసముక్కల్లోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీరు ఆవపిండిని తడుపుతుంది, ఎంజైము పని మొదలుపెడుతుంది. పుట్టిన ఘాటు నీటిలో కన్నా నూనెలో బాగా కరుగుతుంది కాబట్టి చాలావరకు నూనెలోనే నిలుస్తుంది. మర్నాడు జాడీ మూత తీస్తే ముక్కల అంచులు మెత్తబడి, నిన్న లేని ఎర్రటి ఊట పైకి తేలి ఉంటుంది. వేడన్నంలో ఆ ఊట రెండు చెంచాలు వేసి కలిపితే చాలు, ముక్కు చెబుతుంది.

ఆ ఘాటుకి బూజునీ, కొన్ని సూక్ష్మజీవులనీ అదుపు చేసే గుణం ఉంది, ఉప్పు ఎలాగూ తోడుంటుంది. అయినా దోసకాయలో నీరెక్కువ కాబట్టి ఇది ఆవకాయలా ఏడాది నిలవదు. ఫ్రిజ్‌లో పెట్టినా వారం గడిచేసరికి ముక్క మెత్తబడి, ఘాటు సగానికి దిగుతుంది. అందుకే మా ఇంట్లో ఎప్పుడూ ఒకసారికి ఒక్క కాయే కలుపుతాం.