ఎక్కడిదాకా చదివాను: ఆ గుర్తు చేతులు మారిన కథ

ఒక చర్చలో మీరు ప్రశ్న వేశారు. నాలుగు రోజుల తర్వాత ఎవరో తీరిగ్గా కూర్చుని దానికి మంచి జవాబు రాశారు. ఆ సంగతి మీకు తెలియనే లేదు. ఈలోగా అదే సైట్ నుంచి మీ ఫోన్‌కి మాత్రం "ఇది మీకు నచ్చవచ్చు" అంటూ రోజుకో నోటిఫికేషన్ వస్తూనే ఉంది. ఏదైనా పెద్ద సైట్ నోటిఫికేషన్ల పద్ధతి మార్చినప్పుడల్లా, జనం అలవాటుపడ్డ యాప్ ఒకటి మూతపడినప్పుడల్లా ఈ ఫిర్యాదు మళ్లీ రాజుకుంటుంది. నేను పాల్గొన్న చర్చ ఎక్కడిదాకా వచ్చిందో నాకు చెప్పాల్సింది ఎవరు? గొడవంతా దీని చుట్టూనే.

వెబ్ కంటే ముందే విషయాలవారీ గ్రూపుల్లో చర్చలు నడిచిన యూజ్‌నెట్ ఎలా పుట్టింది, మెయిలింగ్ లిస్టుల తర్వాత వెబ్ బోర్డులు ఎలా వచ్చాయి అన్నవి చాలాసార్లు చెప్పుకున్నవే. సాధారణంగా ఈ వాదనలోకి దిగేవాళ్లు 2013 జూలై 1న, రకరకాల సైట్లలోని కొత్త రాతలను ఒకేచోట చదివించే గూగుల్ రీడర్ మూతపడిన రోజున కథ మొదలుపెడతారు. నన్నడిగితే అప్పటికే ఆలస్యమైపోయింది. అసలు మలుపు అంతకు ఐదారేళ్ల ముందే, బోర్డు నడిపేవాళ్లు తప్ప ఇంకెవరూ తెరిచి చూడని ఒక సెట్టింగులో ఉంది.

పీహెచ్‌పీబీబీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద ఒకప్పుడు లెక్కలేనన్ని చర్చా బోర్డులు నడిచేవి. దాని రెండో వెర్షన్‌లో మీరు ఏ టాపిక్ చదివారు, ఏది చదవలేదు అన్నది మీ బ్రౌజర్‌లోని కుకీ (సైట్ మీ కంప్యూటర్‌లో దాచే చిన్న సమాచారం) గుర్తుంచుకునేది. బోర్డుకు తెలిసిందల్లా మీరు కిందటిసారి ఎప్పుడు వచ్చారన్నది. ఇరవై కొత్త టాపిక్‌లు కనబడుతున్నాయి, మూడు చదివారు, ఎవరో పిలిస్తే లేచి వెళ్లారు, గంటన్నర తర్వాత తిరిగొచ్చారు. అప్పటికి సెషన్, అంటే బోర్డు ఒక రాకగా లెక్కవేసే వ్యవధి, ముగిసిపోయి ఉంటుంది. మిగతా పదిహేడూ పాతవాటిలో కలిసిపోతాయి. చదవనివాటి మీద ఉండాల్సిన రంగు చిహ్నం కూడా పోతుంది. ఆ చికాకు పడ్డవాళ్లకే తెలుస్తుంది. అప్పట్లో బోర్డు చూసేటప్పుడు లేవాలంటేనే భయం.

2007 డిసెంబర్‌లో మూడో వెర్షన్ వచ్చింది. ఎవరు ఏ టాపిక్ ఎప్పటిదాకా చదివారో సర్వర్‌లోని డేటాబేస్‌లోనే ఒక పట్టికగా దాచుకునే ఏర్పాటు అందులో ఉంది. బోర్డు నడిపేవాళ్లు కావాలంటే ఆన్ చేసుకోవచ్చు, వద్దంటే పాత కుకీ పద్ధతే. ఆన్ చేసిన చోట సభ్యుల బాధ తీరిపోయింది. ఏ కంప్యూటర్ నుంచి వచ్చినా ఆపిన చోటి నుంచే మొదలు. ఇందులో ఎవరి కుట్రా లేదు. అడిగినవాళ్లకు అడిగింది ఇచ్చారు, అంతే. కానీ "నేను ఇక్కడిదాకా చదివాను" అన్న గుర్తు పాఠకుడి చేతిలోంచి సైట్ చేతిలోకి వెళ్లింది మాత్రం ఇలాంటి పట్టికల వల్లే. ఇలా చేసింది పీహెచ్‌పీబీబీ ఒక్కటే కాదు. మార్పు కళ్లకు కట్టినట్టు కనబడేది మాత్రం అక్కడే.

ఏం చేజారిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1984లో లారీ వాల్ (తర్వాత పెర్ల్ భాష తయారుచేసిన ఆయనే) యూజ్‌నెట్ చదవడానికి ఆర్ఎన్ అనే ప్రోగ్రామ్ రాశారు. చదివినవాటి లెక్కంతా వాడేవాళ్ల సొంత ఫోల్డర్‌లో న్యూస్‌ఆర్‌సీ అనే చిన్న టెక్స్ట్ ఫైలులో ఉండేది. తెరిస్తే గ్రూపుకో వరుస. పేరు, పక్కన ఒక గుర్తు, ఆ తర్వాత చదివిన ఉత్తరాల (గ్రూపులో పడిన సందేశాల) వరుస అంకెలు: "1-1523, 1525". అంటే 1525 దాకా చదివారు, 1524 ఒక్కటే వదిలేశారు. పేరు పక్కన రెండు చుక్కలుంటే ఆ గ్రూపులో ఉన్నట్టు, ఆశ్చర్యార్థకం ఉంటే వదిలేసినట్టు. ఏదైనా మార్చాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, ఫైలు తెరిచి అంకె దిద్దుకోవడమే. ఒక చర్చ విసుగనిపిస్తే "కె" మీట నొక్కితే ఆ శీర్షికతో ఉన్నవన్నీ చదివినట్టు గుర్తు పడిపోయేవి. పెద్ద "కె" నొక్కితే ఆ శీర్షిక కిల్ ఫైల్‌కి ఎక్కి, ఇంకెప్పుడూ కంటపడేది కాదు. ఏం చూడాలి, ఏం చూడకూడదు అన్న రెండు జాబితాలూ వాడేవాళ్ల దగ్గరే ఉండేవి.

ఈ పద్ధతిని నెత్తిన పెట్టుకునేవాళ్లు ఒక సంగతి దాటేస్తుంటారు. ఫైలు మీదే అయినా అందులోని అంకెలు మీరు చదివే సర్వర్‌వి. అదే ఉత్తరానికి ఇంకో సర్వర్‌లో ఇంకో అంకె. సర్వర్ మారితే ఆ ఫైలు చిత్తుకాగితమే. ప్రతి ఉత్తరానికీ ప్రపంచమంతా చెల్లే మెసేజ్ ఐడీ ఒకటి ఉండేది, ఏది దేనికి జవాబో తేల్చేదీ అదే. కానీ చదివిన లెక్క మాత్రం దాని మీద కాకుండా సర్వర్ అంకెల మీదే నడిచింది.

సైట్లు నడిపేవాళ్ల వాదన క్లుప్తంగా చెప్పాలంటే ఇది: జనం రెండు మూడు పరికరాల మీద చదువుతున్నారు కాబట్టి లెక్క సర్వర్‌లో ఉండక తప్పదు. ఒక్కొక్కరికీ వందల చర్చలు ఉంటాయి కాబట్టి ఏది ముఖ్యమో ఎవరో ఒకరు ఏరి పెట్టకా తప్పదు. మొదటి మాట నిజం. రెండోది మొదటిదాని వెంట సందట్లో లోపలికొచ్చింది. లెక్క దాచిపెట్టడం ఒక పని, దాన్ని చూసి మీకేం చూపించాలో నిర్ణయించడం ఇంకో పని.

ఆ రెండో పని ఎటు పోయిందో రెడిట్ అనే పెద్ద చర్చల సైట్‌లో చూడొచ్చు. 2010లో అక్కడ గోల్డ్ అనే డబ్బు కట్టే సభ్యత్వం మొదలైంది. అందులో ఇచ్చిన సౌకర్యాల్లో ఒకటి, మీరు కిందటిసారి వచ్చి వెళ్లాక పడిన కొత్త వ్యాఖ్యలకు రంగు వేసి చూపడం. న్యూస్‌ఆర్‌సీలో ఒక అంకె చేసిన పని, ఇక్కడ డబ్బుకు అమ్మే సరుకైంది. కొందరు బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు పెట్టుకున్నారు, కొందరు బయటి యాప్‌లకు మళ్లారు. 2023లో ఆ యాప్‌లు రెడిట్ సమాచారాన్ని తీసుకునే దారికి, అంటే ఏపీఐకి, రెడిట్ ధర పెట్టింది. తనకు ఏడాదికి 2 కోట్ల డాలర్ల దాకా ఖర్చవుతుందని లెక్క చెప్పిన అపోలో అనే యాప్ జూన్ 30న మూతపడింది. రెడిట్‌లోని ఎన్నో గ్రూపులు నిరసనగా తలుపులు మూసుకున్నాయి. వార్తల్లో అది డబ్బు తగాదాగానే వచ్చింది. వాడేవాళ్లకు మాత్రం, తాము చదివే తీరు తమకు నచ్చినట్టు అమర్చుకునే దారి మూసుకుపోవడం.

గూగుల్ రీడర్ కథా ఇదే. చదవనివి ఎన్నో అది చెప్పేది, వెయ్యి దాటితే "1000+" అని చూపించేది. మూసేటప్పుడు మీ ఫీడ్ల (మీరు అనుసరించే సైట్ల) జాబితాను ఓపీఎంఎల్ అనే రకం ఫైలుగా తీసుకెళ్లమన్నారు. ఆ ఫైలులో ఏ ఫీడ్లు అన్నది ఉంటుంది, ఎక్కడిదాకా చదివారన్నది ఉండదు. ఆ ఫైలుతోనే కొత్త చోటికి చేరినవాళ్లు మళ్లీ మొదటి నుంచి గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది.

కొంతైనా దారికి తెచ్చింది రీడర్ మూతపడిన 2013లోనే వచ్చిన డిస్కోర్స్ అనే చర్చా బోర్డుల సాఫ్ట్‌వేర్. ప్రతి టాపిక్‌కీ గమనించు, అనుసరించు, మామూలు, వినిపించకు అన్న స్థాయిలు అందులో పెట్టారు. ఒక టాపిక్ మీద నాలుగు నిమిషాలు గడిపితే తనంతట తనే అనుసరించడం మొదలుపెట్టే ఏర్పాటు కూడా చేశారు. వద్దనుకుంటే ఆ నిమిషాలు మార్చుకోవచ్చు. పట్టిక సర్వర్‌లోనే ఉన్నా, పగ్గాలు కొన్ని వాడేవాళ్లకు తిరిగొచ్చాయి.

మెయిల్ విషయం చూడండి. మెయిల్ యాప్‌లు సర్వర్‌తో మాట్లాడే పద్ధతి అయిన ఐమ్యాప్‌లో "చూశాను" అన్న గుర్తుకు అందరూ ఒప్పుకున్న పద్ధతి ఉంది. అది సర్వర్‌లోనే ఉంటుంది, అయినా ఏ మెయిల్ యాప్‌తో తెరిచినా ఆ గుర్తు అలాగే కనబడుతుంది. వెబ్‌లోని చర్చలకు అలా అన్నిచోట్లా చెల్లే గుర్తు లేదు. ఒక్కో సైట్‌దీ ఒక్కో పట్టిక, బయటికి రాదు.

అందుకే జనం తమ దారి తాము చూసుకుంటున్నారు. కొందరు లింకులన్నీ ఒక నోట్స్ ఫైలులో పెట్టుకుని వారానికోసారి తెరుస్తారు. ఎక్కువమంది చేసేది ఇంకా సులువు: చర్చ కింద "ఫాలోయింగ్" అనో, "ఎఫ్" అనో, ఉత్త చుక్కో పెట్టి పోతారు. వ్యాఖ్య పెడితే ఆ చర్చకు వచ్చే జవాబుల సంగతి సైట్ చెబుతుందని. సబ్‌స్క్రైబ్ బటన్ పక్కనే ఉన్నా ఈ అలవాటు పోలేదు. నిన్న నేను తెరిచిన ఒక చర్చలో జవాబులు మూడు, చుక్కలు పదకొండు. ఒక్కో చుక్క పడినప్పుడల్లా మిగతావాళ్ల ఫోన్లు మోగి ఉంటాయి.