క్యాష్ మన కాసేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లిష్ చెబుతాను. మాటల పుట్టుక గురించి మాట్లాడే రోజున ఏటా ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "మేడం, క్యాష్ అంటే మన కాసే కదా?" వడ్డికాసులవాడి పాదాల దగ్గర పెరిగిన పిల్లలు, తిరుచానూరు బ్రహ్మోత్సవాల్లో కాసుల హారం ఊరేగింపు చూసినవాళ్లు అలా అనుకోవడంలో వింత లేదు. ఆ ప్రశ్న నాకు చాలా ఇష్టం. అందుకే జవాబు వివరంగా రాస్తున్నాను.

అపోహ: డబ్బు అనే అర్థంలో వాడే క్యాష్, కాసు నుంచి పుట్టింది.

వాస్తవం: కాదు. లాటిన్‌లో 'కాప్సా' అంటే పెట్టె. అదే ఇటాలియన్‌లో 'కాస్సా' అయింది. ఆ వంశంలోని మాటే 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. తొలినాళ్లలో క్యాష్ అంటే డబ్బు దాచే పెట్టె కూడా. రానురాను పెట్టె మరుగున పడి, డబ్బు ఒక్కటే మిగిలింది.

పెట్టె డబ్బుగా ఎలా మారుతుందని పిల్లలు నమ్మరు. అప్పుడు మన ఊరి మాటే ఎత్తుతాను. "నిన్న హుండీ ఎంత?" అని ఒకరు అడిగితే "నాలుగు కోట్లు" అని మరొకరు చెబుతారు. అక్కడ హుండీ అంటే కానుకలు వేసే పాత్ర కాదు, అందులో పడిన సొమ్ము. తిరుపతిలో రోజూ మన నోట జరిగే మార్పే ఐరోపాలో ఆ మాటకూ జరిగింది. తరగతిలో అందరి ముఖాలూ వెలిగేది ఇక్కడే.

మందుల షాపులో కొనే క్యాప్సూల్, ఒకప్పుడు పాటలు విన్న క్యాసెట్, సూట్‌కేస్‌లోని కేస్, ఇవన్నీ ఆ 'కాప్సా' సంతానమే. పోలీసులు పెట్టే కేసుకు మాత్రం వీటితో చుట్టరికం లేదు. దాని మూలం 'పడటం' అనే అర్థమున్న మరో లాటిన్ మాట.

అపోహ: అయితే ఇంగ్లిష్‌కూ కాసుకూ ఏ సంబంధమూ లేదు.

వాస్తవం: ఉంది, గట్టి సంబంధమే ఉంది. ఇంగ్లిష్ నిఘంటువుల్లో క్యాష్ అనే మాటలు రెండు ఉంటాయి. రెండోదానికి అర్థం చిన్న రాగి నాణెం. తమిళనాట కాసు అన్న మాటను పోర్చుగీసువారు 'కైషా' అన్నారు, అక్కడి నుంచి ఇంగ్లిష్‌వారు అందుకున్నారు. నడుమ చతురస్రాకారపు రంధ్రం ఉండే చైనా నాణేలకూ వాళ్లు ఆ పేరే పెట్టారు. అంటే దక్షిణాది మాట ఒకటి చైనా నాణేనికి ఇంగ్లిష్ పేరయింది!

ఈస్టిండియా కంపెనీ మద్రాసు లెక్కల్లో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. వరహాకు 3,360 కాసులన్నమాట. చిత్తూరు ప్రాంతం 1801లో కంపెనీ చేతికి వెళ్లింది. ఆ తర్వాత 1803లోనూ 1808లోనూ కంపెనీ తన రాగి కాసులను ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో ముద్రించింది. 20 కాసుల నాణెం మీద రోమన్ అంకెల్లో ఇరవై, పక్కన క్యాష్ అన్న ఇంగ్లిష్ మాట ఉంటాయి. 1808 నాటి కాసులను మద్రాసుకు మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లాండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుక మేటల మీద మునిగిపోయింది. 1980లలో వాటిని పెద్ద ఎత్తున వెలికితీశారు. మన చేతుల్లో ఆడాల్సిన కాసులు నూట డెబ్బై ఏళ్లకు పైగా ఆ సముద్రంలో పడి ఉన్నాయని తలచుకుంటే ఇప్పటికీ నా మనసు అదోలా అవుతుంది. మన మాట గొప్పతనం చెప్పడానికి ఇంత నిజం ఉండగా, లేని చుట్టరికాన్ని అంటగట్టడం ఎందుకు?

అపోహ: క్యాషూ కూడా ఈ కోవదే, ఖరీదైన పప్పు కదా!

వాస్తవం: జీడిపప్పు బ్రెజిల్‌ది. అక్కడి టూపీ భాషలోని మాటను పోర్చుగీసువారు 'కాజూ'గా మార్చుకున్నారు. డబ్బుతో దానికి పని లేదు.

అపోహ: క్యాష్ పరాయిది, నగదు అచ్చతెలుగు.

వాస్తవం: నగదు అరబ్బీ 'నఖ్ద్' నుంచి వచ్చింది. దాన్ని వాడటంలో తప్పేమీ లేదు. నేనూ వాడతాను.

అపోహ: బంగారం తూకంలో మనం అనే 'సవర' పాత తెలుగు మాట.

వాస్తవం: గోదావరి జిల్లాల్లో 8 గ్రాముల బంగారాన్ని కాసు అంటారు. చిత్తూరు వైపు సవర అంటాం. అది సావరిన్ అనే బ్రిటిష్ బంగారు నాణెం పేరు. ఆ నాణెం బరువు 7.98 గ్రాములు. తమిళంలో సవరన్ అయింది, మన దగ్గర సవరగా స్థిరపడింది. క్యాష్‌లో కాసును వెతికే మనం, సవరలో దాగిన ఇంగ్లిష్‌ను మాత్రం ఇంతకాలం గుర్తుపట్టలేదు.