బంతి లేని రెండు వారాలు

జూన్‌లో కొత్త సీజన్‌కు పిలుపు రాగానే హైదరాబాద్ మైదానాల్లో మొదట వినబడే మాట ఇప్పటికీ "ఇరవై రౌండ్లు". నిండు కొలత ఉన్న ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. గీత వెంబడి ఒక చుట్టు 346 మీటర్లు, ఇరవై చుట్లంటే దగ్గర దగ్గర 7 కిలోమీటర్లు. ఆ పైన కప్పగెంతులు, దండీలు, బస్కీలు, తోటివాణ్ని వీపున మోస్తూ పరుగు. బంతుల సంచి మూతి మాత్రం రెండు వారాల దాకా విప్పరు. "దమ్ము రావాలంటే ఉరకాలె" అన్నది ఒక్కటే సిద్ధాంతం.

ఈ ఊరి ఫుట్‌బాల్‌కు పేరు తెచ్చిన పద్ధతి ఇది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి, 1950 నుంచి 1963లో చనిపోయేదాకా సిటీ పోలీస్ జట్టు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. క్రమశిక్షణలో మెతక మనిషేం కాదు. కానీ ఆయన పేరు చెప్పగానే పాతవాళ్లకు గుర్తొచ్చేది రౌండ్లు కాదు, డ్రిబ్లింగ్ (బంతిని ఎవరికీ ఇవ్వకుండా కాళ్లతో నడిపించుకుపోవడం) నిషేధించి పెట్టిన పోటీలు, వాటంలేని కాలితోనే ఆడాలన్న పోటీలు. పరుగు తగ్గించి బంతిని పరిగెత్తించడం ఆయన దారి.

మరి రౌండ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? మూడు వైపుల నుంచి. ఒకటి, యూనిఫాం. ఇక్కడి ఫుట్‌బాల్ పోలీసు లైన్లలో, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పెరిగింది. నిజాం కాలపు అరబ్బు సైనికుల వారసులుండే బార్కస్ పేరే 'బ్యారక్స్' నుంచి వచ్చింది, అక్కడ ఈనాటికీ పిల్లలకు మొదటి ఆట ఫుట్‌బాలే. పొద్దున్నే పీటీ చేసే చోట ఆటగాడికీ పీటీయే పెడతారు. రెండోది, తాలీంఖానా, అంటే కుస్తీల వ్యాయామశాల. పహిల్వాన్‌కు వందల బస్కీలు పనికొస్తాయి, కాబట్టి ఫుట్‌బాలర్‌కూ పనికొస్తాయని లెక్క. మూడోది, పాటియాలా. 1961లో అక్కడ జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) మొదలయ్యాక 'ఎన్‌ఐఎస్ కోచ్' అన్న మాటకు విలువ పెరిగింది. అదే దశాబ్దంలో సోవియట్ శాస్త్రవేత్త మత్వేయెవ్ సంవత్సరాన్ని దశలుగా విడగొట్టి, ముందు సాధారణ దారుఢ్యం, తర్వాతే ఆటకు తగిన శిక్షణ అన్నాడు. 'ముందు బేస్, తర్వాతే బంతి' అన్న వాడుక మాట దాని నీడే. ఆయన చూసింది ఏడాదికి ఒకటి రెండు పెద్ద పోటీల కోసం నెలల తరబడి సిద్ధమయ్యే అథ్లెట్లను. మూడు వారాల్లో లీగ్ మొదలయ్యే జట్టుకు అది అతకదు.

దమ్మును అసలు కొలవకుండానే చాలాకాలం గడిచింది. 1968లో అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 12 నిమిషాల పరుగు పరీక్షను ప్రచురించాడు. వెళ్లిన మీటర్లలోంచి 504.9 తీసేసి 44.73తో భాగిస్తే శరీరం నిమిషానికి, కిలో బరువుకు ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలదో సుమారుగా తెలుస్తుంది. 2,800 మీటర్లు వెళ్తే 51, 3,000 వెళ్తే 56. 1970 ప్రపంచ కప్‌కు బ్రెజిల్ దీన్ని వాడుకుంది. మన దగ్గర మాత్రం పరీక్షే శిక్షణ అయిపోయింది, ఎవడు ఎక్కువ దూరం ఉరికితే వాడే ఫిట్.

1976లో రైలీ, థామస్ ఇంగ్లండ్ మొదటి డివిజన్ ఆటగాళ్లను మ్యాచుల్లో గమనించి లెక్కగట్టారు. సగటున ఒక్కొక్కరు 8.7 కిలోమీటర్లు తిరిగారు. అందులో బంతి కాలి దగ్గరున్న దూరం నూటికి రెండు పాళ్లు కూడా లేదు. ఐదారు సెకన్లకోసారి నడక జాగింగ్ అవుతుంది, జాగింగ్ పరుగవుతుంది, పరుగు ఆగిపోతుంది. ఒకే వేగంతో, ఒకే వైపు తిరుగుతూ వేసే ఇరవై రౌండ్లలో ఇవేవీ లేవు.

ఇక చెడేదెక్కడ? మొదటి రోజే. నెలన్నర ఇంట్లో కూర్చున్న కుర్రాడు సున్నా నుంచి నేరుగా గంటన్నర కష్టంలోకి దూకుతాడు. మొరం నేల, స్టడ్స్ బూట్లు, ప్రతి మూలా ఎడమకే మలుపు. వారం తిరిగేసరికి కాలి ముందు ఎముక లోపలి అంచు వెంట వేలితో నొక్కితే జివ్వుమంటుంది. గోల్కొండ మెట్లు ఎక్కించే జట్లకు ఇంకో తంటా. ఎక్కడంలో ఊపిరి ఆడకపోయినా కండకు పెద్ద దెబ్బ తగలదు. దిగేటప్పుడే తొడ కండరం సాగుతూ బరువు ఆపుతుంది, నొప్పి మర్నాడో మూడోనాడో ముదురుతుంది. ఎక్కించి, మెల్లగా నడిపిస్తూ దించితే మెట్లు మంచి సాధనమే. మేం పాతదంతా పారేయమనడం లేదు.

పారేయాల్సింది శిక్షగా వేయించే రెండు వందల బస్కీలను. అలవాటు లేని కాళ్లతో అన్ని చేస్తే కండకణాలు పగిలి, వాటిలోని పదార్థం రక్తంలోకి, అక్కణ్నుంచి మూత్రపిండాల్లోకి చేరుతుంది. తొడలు వాచి, మూత్రం చాయ్ డికాషన్ రంగులో వస్తే అది మామూలు ఒళ్లు నొప్పి కాదు. ఐస్ పెట్టి ఇంటికి పంపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నీళ్ల సంగతీ అంతే. మధ్యలో తాగితే కడుపు బరువెక్కుతుందని, మెత్తబడతారని పాత నమ్మకం. 1969లోనే దక్షిణాఫ్రికా పరిశోధకులు విండమ్, స్ట్రైడమ్ మారథాన్ పరుగుల్లో నీళ్లు చాలకపోతే ఎంత ప్రమాదమో రాశారు. ప్రాక్టీసుకు ముందూ తర్వాతా కాటా మీద నిలబెడితే చాలు. 60 కిలోల కుర్రాడు 1.2 కిలోలు తగ్గాడంటే 2 శాతం పోయినట్టు, ఆట మందగించేది అక్కడే. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. మొదటి వారం గంటకు మించొద్దనేది అందుకే.

2001లో నార్వేలో హెల్గెరూడ్ బృందం జూనియర్ ఆటగాళ్లకు వారానికి రెండుసార్లు, 8 వారాల పాటు ఒకే పని ఇచ్చింది. గుండె గరిష్ఠ వేగంలో 90-95 శాతం దగ్గర 4 నిమిషాలు, మధ్యలో 3 నిమిషాల జాగింగ్, ఇలా నాలుగు సార్లు. కూపర్ లెక్కగట్టిన ఆ ఆక్సిజన్ సామర్థ్యమే 58.1 నుంచి 64.3కు పెరిగింది, మ్యాచ్‌లో తిరిగే దూరం 20 శాతం పెరిగింది. ఆ తర్వాతి పరిశోధనల్లో బంతితో నలుగురికి నలుగురు ఆడినా దాదాపు అదే ఫలితం వచ్చింది. ఈ ఆటలోనూ కిటుకులున్నాయి. మైదానం 30 మీటర్లకు 20 చాలు, గోల్‌కీపర్లు వద్దు. బంతి మోరీలో పడితే అందరూ నడుం మీద చేతులేసుకుని నిలబడతారు, గుండె వేగం పడిపోతుంది. అందుకని అంచున ఇంకో బంతి సిద్ధంగా ఉండాలి. పైగా ఇంత చిన్న చోట ఎవరూ పూర్తి వేగం అందుకోలేరు. దీన్నే నమ్ముకున్న జట్టులో మొదటి మ్యాచ్ నాడు 40 మీటర్లు ఉరికిన వింగర్ (మైదానం అంచున ఆడేవాడు) తొడ వెనక పట్టుకుని కూలబడతాడు.

దానికి మందు నార్డిక్ వ్యాయామం. మోకాళ్ల మీద నిలబడితే జోడీవాడు చీలమండలు అదిమి పట్టుకుంటాడు. నడుం వంచకుండా, వీలైనంత నెమ్మదిగా ముందుకు ఒరగాలి, చివర్లో చేతులతో ఆపుకోవాలి. 2011లో ప్రచురించిన డెన్మార్క్ పరిశోధనలో ఇది చేసిన జట్లలో తొడ వెనక కండరం గాయాలు 15, చేయని జట్లలో 52. మొదటి వారం ఒక్కరోజు, ఐదేసి చొప్పున రెండు సెట్లే. తొలిరోజే ముప్పై చేయిస్తే మర్నాడు ఎవరూ రారు, వ్యాయామానికే చెడ్డపేరు.

ఇన్ని తెలిసీ రౌండ్లు పోకపోవడానికి కారణం మొండితనం ఒక్కటే కాదు. నలభై మంది పిల్లలు, నాలుగు బంతులు, మైదానం గంటసేపే. రౌండ్లకు సామాను అక్కర్లేదు. అయినా ఆ నాలుగు బంతులతోనే లెక్క కుదురుతుంది. ఎనిమిదేసి మందితో ఐదు గుంపులు, ఐదు చోట్లు. 30-40 మీటర్ల స్ప్రింట్ రెండుసార్లు, తర్వాత ఆట, నార్డిక్, మళ్లీ ఆట, నీళ్లు. ఒక్కో చోట 4 నిమిషాలు, మారడానికి ఒకటి. రెండు ఆటల్లో రెండు బంతులు, అంచున రెండు. పది నిమిషాలు వార్మప్ పోగా మిగిలిన యాభైలో ఈ ఐదు చోట్ల చుట్టూ రెండు చుట్లు తిరుగుతాయి, ప్రతి ఒక్కరికీ నాలుగు నాలుగు నిమిషాల ఆటలు పడతాయి. వరస మాత్రం మార్చకూడదు. నీళ్ల దగ్గర నుంచి నేరుగా స్ప్రింట్‌కే రావాలి, ఆట నుంచి వచ్చిన కాళ్లతో పూర్తి వేగం రాదు.