గుంతలు మనవి, పద్దు ఎవరిది? వరంగల్ రోడ్ల మరమ్మతుల వెనక కథ

"బండి కొన్నప్పుడే లైఫ్ ట్యాక్స్ కట్టినం, పెట్రోల్ పోయించినప్పుడల్లా కడుతున్నం, ఇంకా ఈ గుంతలేంది?" వానాకాలం ముగిసేసరికి హన్మకొండ నుంచి భూపాలపల్లి దాకా ఎక్కడైనా వినిపించే మాట ఇది. న్యాయమైన ప్రశ్నే. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిలు మీద 27 శాతం. అయితే ఆ డబ్బు రోడ్లకే పెట్టాలన్న నిబంధన ఏదీ లేదు. వ్యాట్ అయినా వాహన పన్ను అయినా రాష్ట్ర సంచిత నిధిలోకే, అంటే అన్ని ఖర్చులకూ ఉమ్మడిగా ఉండే ఖజానాలోకే పోతుంది. జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీ, పథకాలు పోను మిగిలినదాంట్లో రోడ్డు తన వంతు కోసం నిలబడాలి.

ఒకప్పుడు పన్నుకూ రోడ్డుకూ లంకె ఉండేది. నిజాం రాజ్యంలో భూమిశిస్తు మీద రూపాయికి ఒక అణా లోకల్ సెస్సు వసూలు చేసి, రోడ్ల వంటి స్థానిక పనులకు వాడేవారు. బ్రిటిష్ ఇండియాలో జయకర్ కమిటీ సిఫారసు మీద పెట్రోలు సుంకంలో కొంత పక్కకు తీసి 1929లో కేంద్ర రోడ్డు నిధి పెట్టారు. 2000లో దానికి చట్టం వచ్చింది. ఆ డిసెంబరులోనే మొదలైన గ్రామ సడక్ యోజనకు ఈ నిధిలోకి వచ్చే ఇంధన సెస్సే ఆధారమైంది. 2018లో ఆ నిధి పేరులో 'మౌలిక సదుపాయాలు' అన్న మాట చేర్చి, రోడ్లతో సంబంధం లేని రంగాలకూ తలుపు తెరిచారు.

ఇక రోడ్డు ఎవరిదన్న లెక్క 1943 నాటి నాగపూర్ ప్రణాళిక నుంచి వస్తోంది. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, జిల్లా రోడ్డు, గ్రామ రోడ్డు అని అప్పుడు విభజించారు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి కేంద్రానిది, మండలాలను కలిపేవి ఎక్కువగా ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)వి, ఊళ్లవి పంచాయతీరాజ్‌వి, నగరంలో గల్లీలు కార్పొరేషన్‌వి. ఫిర్యాదు పట్టుకుని పోయినవాడికి "అది మా రోడ్డు కాదు" అన్న జవాబు రావడం ఇందుకే.

అసలు చిక్కు ఇంకోటి. చాలా దశాబ్దాలు బడ్జెట్‌ను ప్లాన్, నాన్‌ప్లాన్ అని చీల్చి రాశారు. కొత్త రోడ్డు ప్లాన్ కిందికి, పాత రోడ్డు మీద ప్యాచ్ వర్క్, రెన్యువల్ నాన్‌ప్లాన్ కిందికి. పొదుపు మాట వచ్చినప్పుడల్లా కత్తెర పడింది రెండోదాని మీదే. 2017-18లో ఆ విభజన పోయింది, అలవాటు మాత్రం పోలేదు. శిలాఫలకం కొత్త రోడ్డుకే కదా వేసేది!

ఉత్తర తెలంగాణలో దీనికి లారీల బరువు తోడైంది. కరీంనగర్ గ్రానైట్, గోదావరి, మానేరు ఇసుక, భూపాలపల్లి బొగ్గు, అన్నీ ఈ రోడ్ల మీదే పోతాయి. తవ్విన ఖనిజం మీద కట్టే సీనరేజి, రాయల్టీ ఖజానాకు చేరతాయి, నలిగేది మాత్రం ఊరి బీటీ రోడ్డు. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ట్రస్టుల నిధుల్లో రోడ్లకూ చోటుంది, కాకపోతే తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికి పెద్ద వాటా తీశాకే.

పైన వరదలు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. కల్వర్టులు, రోడ్లు కొట్టుకుపోయాయి. విపత్తు నిధిలో కేంద్రం 75, రాష్ట్రం 25 శాతం వేస్తాయి గానీ, ఆ డబ్బు రాకపోకలు పునరుద్ధరించే తాత్కాలిక పనులకే. పక్కా పనికి మళ్లీ వేరే ఎస్టిమేటు, వేరే జీవో.

క్యాలెండరు కూడా రోడ్డుకు అనుకూలంగా లేదు. ఏప్రిల్‌లో బడ్జెట్ మొదలై, మంజూరు, టెండరు అయ్యేసరికి వానలు వస్తాయి. వానలో తారు పని చేయకూడదు. కార్తీకం దాటాక పని మొదలుపెడితే మార్చిలోపు బిల్లు కావాలి. పాత బిల్లులే రానప్పుడు చిన్న మరమ్మతు టెండరుకు కాంట్రాక్టర్లు ముందుకు రారు. గ్రామాల్లో మరో దెబ్బ: సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది, 2025 డిసెంబరు దాకా ఎన్నికలు జరగలేదు, పాలకవర్గాలు లేవని ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోయాయి.

ఇప్పుడు రాష్ట్రం హ్యామ్ (హైబ్రిడ్ యాన్యుటీ మోడల్) పద్ధతి అంటోంది. పని జరిగేటప్పుడు ప్రభుత్వం 40 శాతం ఇస్తుంది, మిగతాది కాంట్రాక్టరు పెట్టుకుని తర్వాత వాయిదాల్లో తీసుకుంటాడు, నిర్వహణ కూడా అతనిదే. మరమ్మతును ఒప్పందంలోనే కలపడం మంచి మార్పు. అయితే ఆ వాయిదాలు కట్టాల్సింది కూడా అదే సంచిత నిధిలోంచి. రోడ్డు కోసమని విడిగా తీసిపెట్టిన పద్దు దీనికీ లేదు.